బిల్లు అదే... కొసరేదీ?

మా అమ్మ దగ్గర ఒక పద్దుల పుస్తకం ఉంది. ఎవరో ఇచ్చిన పాత డైరీ. తేదీలతో ఆవిడకి పని లేదు, గీతలుంటే చాలు. 2023 జూన్ మొదటి వారం పేజీలో ‘టమాటా - 90’ అని ఉంది. జులై మూడో వారం పేజీలోనూ ‘టమాటా - 90’ అనే ఉంది. ఆ పుస్తకం ఒక్కటే తిరగేసినవాళ్లు ఈ రెండు వారాల మధ్య మా వంటింట్లో ఏమీ జరగలేదనే అనుకుంటారు.

జరిగింది. జూన్‌లో ఆ 90 రూపాయలకు మూడు కిలోలు వచ్చాయి. జులైలో ముప్పావు కిలో. అదే పేజీలో రెండు గీతలు కిందకి దిగితే ‘చింతపండు - అరకిలో’ అని కనిపిస్తుంది. సంక్రాంతి తర్వాత ఏడాదికి సరిపడా కొని జాడీకెత్తే సరుకు అది. వానాకాలంలో మళ్లీ కొనాల్సి వచ్చిందంటే జాడీ ముందే ఖాళీ అయిందన్నమాట.

ఆ జులైని మరిచిపోయినవాళ్లు తక్కువే. టమాటాకు పెట్టింది పేరైన మదనపల్లె మార్కెట్లోనే ధర ఎవరూ ఊహించనంత ఎత్తుకు పోయింది. చిల్లరగా కిలో 150 దాటి కొన్ని చోట్ల 200 తాకింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో 50కి అమ్మించింది. కేంద్రం సహకార సంస్థల ద్వారా ఢిల్లీలో 90 రూపాయలతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా దించి ఆగస్టు 20 నాటికి 40కి తెచ్చింది. నేపాల్ నుంచి తెప్పిస్తున్నామని ఆర్థిక మంత్రి పార్లమెంటులో ప్రకటించారు. ఉత్తరాది, తూర్పు రాష్ట్రాల్లోని మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు చాలావరకు బర్గర్లలోంచి టమాటా ముక్కను తీసేశాయి. ఆ జులైలో దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతం. కూరగాయలది 37 శాతం పైన. ఒక్క టమాటాది 200 శాతం పైన.

ఇంత గోల జరిగినా అమ్మ పుస్తకంలో మాత్రం 90 తర్వాత 90.

ధరలు పెరిగితే ఖర్చు పెరుగుతుందని అలవాటుగా అంటాం. అర్థశాస్త్రం ఈ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఖర్చు పెరగొచ్చు, తగ్గొచ్చు, మా ఇంట్లోలా అంగుళం కదలకుండా ఉండిపోవచ్చు. తృప్తి మాత్రం ఈ మూడు సందర్భాల్లోనూ తగ్గుతుంది. బిల్లు పట్టుకుని బాధను కొలవబోతే దొరకదు. ఆ దొరకనిదాన్ని పట్టుకోవడానికే నూట ఎనభై ఏళ్లుగా ఆర్థికవేత్తలు కుస్తీ పడుతున్నారు.

కొసరు లెక్క

ఇంటర్‌లో ఎకనామిక్స్ చదివినవాళ్లకు ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’ అనే మాట గుర్తుండే ఉంటుంది. నోరు తిరగని పేరే గానీ విషయం వంటింటిదే. ఒక వస్తువు చేతికి వచ్చేకొద్దీ తర్వాత వచ్చేదాని మీద మోజు తగ్గుతుంది. హెర్మన్ గోసెన్ అనే జర్మన్ 1854లో ఈ సంగతి పుస్తకంగా రాస్తే ఎవరూ కొనలేదు. విసుగెత్తి మిగిలిన ప్రతులను వెనక్కి తెప్పించుకున్నాడు. మోజు తగ్గడం గురించి రాసిన పుస్తకానికి అసలు మోజే పుట్టకపోవడం ఒక వింత.

పాఠ్యపుస్తకాల్లో ఈ సూత్రానికి ఆపిల్ పళ్లో, మంచినీళ్లో ఉదాహరణగా ఇస్తారు. నాకు టమాటాలే నచ్చుతాయి. పప్పులో పడే మొదటి రెండూ అవసరం. చారులోవి అలవాటు. రోటి పచ్చడిలోవి సరదా. ఫ్రిజ్ అడుగున మెత్తబడి చివరికి చెత్తబుట్టలోకి పోయేవి అజాగ్రత్త. కిలో 30 ఉన్నప్పుడు ఈ నాలుగు రకాలూ ఇంటికొస్తాయి. ధర ఎక్కుతుంటే కింది నుంచి ఒక్కొక్కటే రాలిపోతాయి. మొదట అజాగ్రత్త పోతుంది, అది పోతే నష్టమేమీ లేదు, మంచిదే. తర్వాత పచ్చడి. ఆ తర్వాత చారు. పప్పు దాకా వచ్చేసరికి ఇల్లాలు గిన్నె ముందు నిలబడి ఆలోచిస్తుంది. కిలోకి పది రూపాయలు పెరగడమన్నది చెత్తబుట్ట దగ్గర ఒక సంగతి, పప్పుగిన్నె దగ్గర వేరే సంగతి. బాగా వాడుకునే ఇంట్లో వృథా మొదటి నుంచీ ఉండదు కాబట్టి అక్కడ మొదటి దెబ్బే పచ్చడికి తగులుతుంది. పొదుపుగా బతికేవాళ్లకే ధరల పెరుగుదల ఎక్కువ నొప్పి అనడానికి ఇంతకన్నా సూటి కారణం నాకు తట్టలేదు.

ఇక కొసరు. కూరలమ్మి కిలో బెండకాయలు తూచాక మరో నాలుగు కాయలు పడేసి, గుప్పెడు కరివేపాకు సంచిలో కుక్కుతుందే, అది. మనం ఇచ్చిన డబ్బుకు పైన దక్కినది. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో అచ్చువేసిన తన పెద్ద పుస్తకంలో దాదాపు ఇలాంటిదే ఒకటి చెప్పాడు. ఒక వస్తువు లేకుండా ఉండటం కన్నా ఎంత ఇచ్చయినా కొందామనుకుంటాం. తీరా బజారుకు వెళితే అంతకన్నా తక్కువకే దొరుకుతుంది. ఈ రెంటికీ తేడా మనకు దక్కిన లాభం. అంతకు చాలా ముందే, 1844లో, రోడ్లూ వంతెనలూ కట్టించే ఫ్రెంచి ఇంజినీరు జూల్ దుప్యుయి ఈ లెక్క వేశాడు: వంతెన దాటడానికి ఇచ్చే సుంకం చూసి వంతెన విలువ కట్టకండి, దాటేవాడికి దాని అక్కర ఎంతో చూడండి అని. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని ‘వినియోగదారుని మిగులు’ అంటారు. కొసరు అని ఉంటే పిల్లలకు ఒక్క నిమిషంలో ఎక్కేది.

మా అమ్మకు వారంలో మొదటి అరకిలో టమాటా లేకపోతే కాలూ చెయ్యీ ఆడదు. దానికి ఆవిడ కిలో 200 లెక్కనైనా ఇస్తుంది. జూన్‌లో 30 లెక్కన ఇచ్చింది. అంటే ఆ అరకిలో మీదే 85 రూపాయల కొసరు. జులైలో 120 లెక్కన కొన్నప్పుడు అది 40కి పడిపోయింది. ముప్పావు కిలోకు పైన, మానేసిన రెండుంపావు కిలోల మీద ఉన్న చిన్నాచితకా కొసరు పూర్తిగా పోయింది. బిల్లు 90 దగ్గరే ఉంది. పోయినదంతా బిల్లు బయట పోయింది. అందుకే అది ఏ పద్దులోనూ కనపడదు.

అందరి బిల్లూ ఇలా కదలకుండా ఉండదు లెండి. బండి మీద ఆఫీసుకు పోయేవాడు పెట్రోలు పెరిగిందని సగం దారిలో దిగి నడవలేడు. అతని బిల్లు పెరుగుతుంది. మల్టీప్లెక్సులో టికెట్టూ పాప్‌కార్నూ కలిపి నలుగురికీ రెండు వేలు దాటుతోందంటే ఇంట్లో ఓటీటీ చాలనుకుంటారు. వాళ్ల బిల్లు తగ్గుతుంది. మరో దారి ఎంత దగ్గర్లో ఉందన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. ‘డిమాండ్ వ్యాకోచత్వం’ అని పరీక్షల్లో అయిదు మార్కులకు రాసేది దీన్నే. ఖర్చు తగ్గిన కుటుంబాన్ని చూసి వీళ్లకేం, తట్టుకున్నారు అనుకుంటే పొరపాటు. వాళ్లు సినిమా మానేశారు.

270 రూపాయలు ఎవరిస్తారు?

ధర పెరిగితే నిజంగా రెండు పనులు జరుగుతాయి. రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి విడదీసి చూడటం కష్టం. ఒకటి, పెరిగిన వస్తువు మిగతావాటి పక్కన ప్రియమైపోయి మన చెయ్యి వేరేదాని మీదికి పోతుంది. టమాటా పోయి చింతపండు, మామిడికాయ, గోంగూర, నిమ్మకాయ. పులుపు విషయంలో తెలుగు వంటకు ఉన్నన్ని దారులు దేశంలో ఇంకెవరికీ ఉండవేమో. అసలు టమాటాయే మన వంటింటికి కొత్తకోడలు, ఉత్తరాంధ్ర పెద్దవాళ్లు ఇప్పటికీ రామములక్కాయ అనే అంటారు. అది లేని వందల ఏళ్లు మన పప్పుచారు నడిచింది. రెండోది, జేబులో డబ్బు అంతే ఉన్నా మనం కాస్త పేదవాళ్లమైపోతాం. ఆ పేదరికం టమాటా దగ్గరే ఆగదు. పాల పాకెట్టు దాకా, పిల్లవాడి స్కెచ్ పెన్నుల దాకా పోతుంది.

ఈ రెంటినీ లెక్క కట్టి విడదీసినవాడు యెవ్‌గెనీ స్లుట్‌స్కీ. కీవ్‌లో పనిచేస్తూ 1915లో ఒక ఇటలీ పత్రికలో వ్యాసం అచ్చువేయించాడు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, వ్యాసం నిండా గణితం, చదివిన నాథుడు లేడు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఇంగ్లండులో జాన్ హిక్స్, ఆర్.జి.డి. అలెన్ తమంతట తాముగా అక్కడికే చేరుకుని, ఈయన ముందే వచ్చి వెళ్లాడని తెలుసుకుని మర్యాదగా ఒప్పుకున్నారు. ప్రత్యామ్నాయ ప్రభావం, ఆదాయ ప్రభావం అని మనం చదువుకున్నవి ఆ చేతుల్లోంచి వచ్చినవే.

దీన్ని మా ఇంటికి అన్వయిస్తే ఒక తమాషా ప్రశ్న పుడుతుంది. జూన్ మాదిరిగానే జులైలోనూ మూడు కిలోలు కొనాలంటే 360 రూపాయలు కావాలి. అంటే 270 ఎక్కువ. ఎవరైనా పుణ్యాత్ముడు వచ్చి ఆ 270 అమ్మ చేతిలో పెడితే ఏం చేస్తుంది? మూడు కిలోలు కొంటుందా? ఛస్తే కొనదు. కిలో కొని, పులుపుకి చింతపండు వాడి, మిగిలినదానితో చికెన్ తెప్పిస్తుంది. అంటే ఆ 270తో ఆవిడ జూన్ కన్నా ఓ పిసరు సుఖంగానే ఉంటుంది. పాత సుఖం పాతంతగా ఉండాలంటే 270 కన్నా తక్కువ ఇస్తే చాలు. ఎంత తక్కువ అన్నది ఆవిడ మనసుకు తెలుసు, ప్రభుత్వానికి తెలీదు.

ఇది మాటల గారడీ కాదు. ఉద్యోగుల కరువు భత్యం, పింఛన్ల సవరణ నడిచేది ధరల సూచీ మీదే. ఆ సూచీలో జనం ఏదో ఒక ఏడాది కొన్న సరుకుల బుట్టనే ఏళ్ల తరబడి తూస్తూ ఉంటారు. టమాటా నుంచి చింతపండుకు మారిన ఇల్లాలిని ఆ బుట్ట గుర్తించదు. అమెరికాలో 1996లో బోస్కిన్ కమిషన్ ఈ కారణాన్నీ, ఇలాంటి మరికొన్నింటినీ కలిపి తమ సూచీ ఏడాదికి 1.1 శాతం మేర ధరల పెరుగుదలను ఎక్కువ చేసి చూపిస్తోందని తేల్చింది. పింఛనుదారులకు ఎక్కువ ముడుతోందని దాని అర్థం. పెద్ద రగడే అయింది. నా మటుకు నాకు ఈ వాదనలో ఒక మెలిక కనిపిస్తుంది. ‘మరో దారి ఉంది కాబట్టి నష్టం తక్కువ’ అనడం నిజమే. ఆ మరో దారిలో నడవడానికి పట్టే శ్రమ మాత్రం ఏ సూత్రంలోనూ లేదు. చింతపండు నానబెట్టాలి, పిసకాలి, వడకట్టాలి. గోంగూర కట్టలు కూర్చుని ఒలవాలి. ఆ పని ఇంట్లో ఎవరు చేస్తారో అందరికీ తెలుసు. ఆ గంటకు కూలి కట్టిన సూచీ ఇంతవరకూ రాలేదు.

ఆటో నడిపేవాడికి, భవన నిర్మాణ కూలీకి కరువు భత్యం అనేది లేనే లేదు. వాళ్లకు 270 ఇచ్చే పుణ్యాత్ముడు ఎవరన్నా ఉంటే అది రేషన్ షాపే. మన రాష్ట్రాల్లో ఆ కథ వేరు. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు పథకం పేరులోనే ధర ఉంది. బజారులో బియ్యం ఎంత ఎక్కినా ఆ బరువు ఖజానాదే, తినేవాడిది కాదు. అందుకే ఆ అంకె పవిత్రమైపోయింది. 1996లో మూడున్నర చేసినప్పుడు రేగిన కోపం, 2008లో తిరిగి రెండుకు, 2011లో రూపాయికి దించినప్పుడు దక్కిన చప్పట్లు, అన్నీ ఆ ఒక్క అంకె చుట్టూనే. నగదు ఇస్తామంటే ధర పెరిగిన భారం తీసుకునేవాడిది. వస్తువు ఇస్తామంటే ఇచ్చేవాడిది. 2023 తెలంగాణ ఎన్నికల్లో కాంగ్రెస్ పెళ్లికూతురికి లక్ష రూపాయలతో పాటు తులం బంగారం ఇస్తామంది. అప్పుడు పది గ్రాములు 60 వేల చిల్లర. 2025 ఏప్రిల్‌లో అది లక్ష దాటింది. మాటల్లో ‘లక్ష’, ‘తులం’ పక్కపక్కన కూర్చున్నాయి. ఏడాదిన్నరలో రెండోది మొదటిదాన్ని దాటిపోయింది.

ప్రియమైతే ఇంకా కొనేవాళ్లు

అర్థశాస్త్రంలో ఒక వింత జంతువు ఉంది. చాలామంది దాని గురించి చెబుతారు, చూసినవాళ్లు తక్కువ. ధర పెరిగితే ఇంకా ఎక్కువ కొనే వస్తువు. మార్షల్ తన పుస్తకం మూడో కూర్పులో ఈ సంగతి చెబుతూ ఆ ఘనత సర్ రాబర్ట్ గిఫెన్‌దని రాశాడు. రొట్టె ధర పెరిగితే బీద కూలి కుటుంబాలు మాంసం మానేసి, ఉన్నవాటిలో రొట్టే ఇంకా చౌక కాబట్టి దాన్నే ఎక్కువ తింటాయి అని. ఆ తర్వాత పాఠ్యపుస్తకాలు ఐర్లండ్ కరువులో బంగాళాదుంపలను ఉదాహరణగా తగిలించాయి. అది నిలబడే ఉదాహరణ కాదు. తెగులు సోకి దుంపలే లేకుండా పోతే జనమంతా కలిసి వాటినే ఎక్కువ ఎలా తింటారు? దశాబ్దాల పాటు పిల్లలు దాన్ని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నారు.

జంతువు నిజంగా దొరికింది చైనాలో. రాబర్ట్ జెన్సన్, నోలన్ మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు హునాన్ రాష్ట్రంలో బీద కుటుంబాలకు బియ్యం మీద రాయితీ కూపన్లు ఇచ్చి చూశారు. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. బియ్యం చౌక కాగానే ఆ కుటుంబాలు అన్నం తగ్గించాయి. మిగిలిన డబ్బుతో ఇతర తిండి కొన్నాయి. రాయితీ ఆపేసి ధర పెరిగినట్టు చేయగానే అన్నం పెంచాయి. గోధుమలు తినే గాన్సు రాష్ట్రంలో ఇదే సంగతి అంత గట్టిగా తేలలేదు. హునాన్‌లోనూ మరీ అట్టడుగున ఉన్నవాళ్లలో ఇది కనపడలేదు. వాళ్ల కంచంలో అన్నం తప్ప తగ్గించుకోవడానికి ఇంకేమీ లేదు కదా. కాస్త కూర, కాస్త మాంసం ఉన్న ఇంట్లోనే అవి పోయి ఆ చోటు అన్నం ఆక్రమిస్తుంది.

అన్నమే ప్రధానమైన మన జిల్లాల్లో ఈ పరిశోధన చదివితే గుండె గుభేలుమంటుంది. ధర పెరిగినా జనం బియ్యం కొనడం తగ్గించలేదని ఒక అధికారి నివేదిక రాస్తే అందులో అబద్ధం ఉండదు. ఆ అన్నంలోకి వేసుకునే కూర ఏమైందో ఆ నివేదికలో ఉండదు. 1857లోనే ఎర్న్‌స్ట్ ఎంగెల్ బెల్జియం కార్మిక కుటుంబాల పద్దులు తిరగేసి, ఇల్లు ఎంత పేదదైతే తిండికి అంత ఎక్కువ వాటా పోతుందని చెప్పాడు. మన దేశంలో 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం పల్లెల్లో ఖర్చులో 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం తిండిదే. అందుకే ఒకే టమాటా, ఒకే ధర, ఒకే రోజు గచ్చిబౌలిలో ఒకలా, గద్వాల పల్లెలో ఇంకోలా తగులుతుంది.

బంగారానిది ఇంకో దారి. అదీ పెరిగితే కొనేవాళ్లున్న వస్తువే గానీ కారణం ఆకలి కాదు. అమెరికాలో థార్‌స్టెయిన్ వెబ్లెన్ 1899లో, పదిమందికీ చూపించుకోవడానికి కొనే కొనుగోళ్ల గురించి ఒక వెటకారపు పుస్తకం రాశాడు. అలాంటి వస్తువుకు ప్రియంగా ఉండటమే ఒక గుణం. మన పెళ్లిళ్లలో ఆ వెబ్లెన్ సగమే ఉంటాడు. మిగతా సగం భయం, రేపు ఇంకా పెరుగుతుందేమోనని. పెళ్లి ముహూర్తం ఆగదు. బడ్జెట్ రూపాయల్లో ఉంటుంది కాబట్టి తూకం తగ్గుతుంది. రెండు తులాల గొలుసు తులమున్నరవుతుంది. పాత గాజులు కరుగుతాయి. 22 క్యారెట్ల నుంచి 18కి దిగుతారు. 2025 జులై నుంచి తొమ్మిది క్యారెట్లకూ హాల్‌మార్క్ వేస్తున్నారు. మరోపక్క బీరువాలో ఇరవై తులాలున్న అత్తగారు అదే పేపర్లో అదే ధర చూసి నిశ్చింతగా కాఫీ తాగుతుంది. ఒకే వార్త ఒక ఇంట్లో దుఃఖం, ఎదురింట్లో ఆస్తి.

పదిహేను నుంచి ఇరవైకి

ఇంతవరకూ చెప్పుకున్న సిద్ధాంతంలో మనిషి లెక్కల మనిషి. ధర చూస్తాడు, తృప్తి చూస్తాడు, నిర్ణయం తీసుకుంటాడు. కోపం రాదు. నిజం మనిషికి కోపం వస్తుంది.

డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1986లో కెనడా జనాన్ని ఒక ప్రశ్న అడిగారు. ఒక హార్డ్‌వేర్ కొట్టువాడు మంచు ఎత్తే పారలు 15 డాలర్లకు అమ్ముతున్నాడు. పెద్ద మంచు తుపాను వచ్చిన మర్నాడు పొద్దున 20 చేశాడు. న్యాయమేనా? 82 శాతం మంది అన్యాయం అన్నారు. గిరాకీ పెరిగితే ధర పెంచడం సరైన పనే అని అర్థశాస్త్రం మొదటి పాఠం చెబుతుంది. జనం ఆ పాఠం వినలేదు. కొట్టువాడికి ఖర్చు పెరిగి, దాన్ని మనమీద వేస్తే మాత్రం అదే జనం సర్దుకుపోతారని ఆ పరిశోధనే చెప్పింది.

2022లో హైదరాబాద్ ఇరానీ హోటళ్లు కప్పు చాయ్‌ని 15 నుంచి 20 చేశాయి. అంకెలు కెనడా పారలవే. జనం గొణిగారు గానీ మంచు పార మీద వచ్చినంత కోపం రాలేదు. చాయ్‌పత్తా పెరిగింది, పాలు పెరిగాయి, కమర్షియల్ సిలిండర్ పెరిగింది అని గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. బల్ల దగ్గర ‘వన్ బై టూ’ అనే మాట మాత్రం ఎక్కువసార్లు వినపడసాగింది. ఒక చాయ్, రెండు కప్పులు. స్లుట్‌స్కీ ఒక పూట నీలోఫర్ కేఫ్ దగ్గరో, చార్మినార్ దగ్గరో కూర్చుని ఉంటే అంత గణితం రాసేవాడు కాదు.

కోపం తప్పించుకోవడానికి వ్యాపారులకు ఇంకో ఉపాయం తెలుసు. ధర ముట్టుకోరు, సరుకు తగ్గిస్తారు. అయిదు రూపాయల బిస్కెట్ పాకెట్టు అయిదు రూపాయల దగ్గరే ఉంటుంది, లోపల బిస్కెట్లు పలచబడతాయి. రూపాయి షాంపూ సాచెట్ సంగతీ అంతే. మా వీధి చివర కర్రీ పాయింట్ ఉంది. 2023 జులైలో వాళ్లు బోర్డు మీద అంకె మార్చలేదు. కప్పు మార్చారు. అంతే ఎత్తు, మూతి అంతే వెడల్పు, అడుగు మాత్రం లోపలికి నొక్కుకుపోయి ఉంది. పప్పులో టమాటా తొక్క వెతికితే దొరికేది. ధర పెంచితే దెబ్బలాడేవాళ్లమే, కప్పు మారితే ఇంటికి తెచ్చుకుని తిన్నాం.

కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో చెప్పిన సంగతి ఒకటి ఇక్కడ పనికొస్తుంది. మనం దేన్నైనా ఒక గుర్తు దగ్గర నుంచి కొలుస్తాం, ఆ గుర్తు కన్నా తగ్గినప్పటి నొప్పి అంతే పెరిగినప్పటి ఆనందం కన్నా ఎక్కువ. కిలో 30 నుంచి 120 అయినప్పుడు ఊరంతా అదే మాట. 120 నుంచి 30కి వచ్చినప్పుడు ఎవరైనా ఊరేగింపు తీశారా? పైగా ఆ గుర్తు కూడా ఉన్నచోట ఉండదు. 2021 జూన్‌లో హైదరాబాద్‌లో పెట్రోలు వంద దాటినప్పుడు బంకుల దగ్గర ధర్నాలు. 2024 మార్చి తర్వాత 107 రూపాయల 41 పైసల దగ్గర ఏడాదికి పైగా నిలబడితే దాని గురించి మాట్లాడినవాళ్లు లేరు. వంద నిన్నటి గాయం, 107 ఇవాళ్టి అలవాటు.

2025 అక్టోబరులో దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగింది. అప్పట్లో 2012 ఆధారంగా లెక్కించిన ఆ సూచీలో అంత తక్కువ అంతకుముందు ఎన్నడూ లేదు. ఆ నెల ఎవరి ఇంట్లోనైనా ‘హమ్మయ్య’ అన్న మాట విన్నారా? నేను వినలేదు. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు దిగాయని కాదు, ఎక్కే వేగం తగ్గిందని. కొండెక్కినవాడు ఎక్కడం ఆపాడు, అంతే. పైనే ఉన్నాడు. రిజర్వు బ్యాంకు హైదరాబాద్ సహా పలు నగరాల్లో కుటుంబాలను క్రమం తప్పకుండా అడుగుతుంటుంది, మీ లెక్క ప్రకారం ధరలు ఎంత పెరిగాయని. వాళ్లు చెప్పేది ప్రభుత్వ అంకె కన్నా ఎక్కువే ఉంటుంది. రోజూ కొనే పాలు, కూరలు మనసులో నిలుస్తాయి. ఏడాదికోసారి కొనే ఫోను, పదేళ్లకోసారి కొనే ఫ్రిజ్ నిలవవు. సూచీకి అన్నీ గుర్తుంటాయి.

ఇంకొకటీ ఉంది, కాస్త మనల్ని మనం చూసుకోవాల్సినది. జీతం పెరిగితే మన పనితనం. ధర పెరిగితే ప్రభుత్వం చేతకానితనం. రాబర్ట్ షిల్లర్ 1997లో, స్టెఫానీ స్టాంచేవా 2024లో అమెరికన్లను అడిగితే తేలింది ఇదే ధోరణి. ధరలతో పాటే జీతాలూ ఎంతో కొంత ఎక్కుతాయన్న సంగతి జనం లెక్కలోకే తీసుకోరు. పెరిగిన జీతం తమ కష్టార్జితం, పెరిగిన ధర దాన్ని దోచుకెళ్లిన దొంగ. ఈ భావన తప్పు అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ధర పొద్దున్నే పెరుగుతుంది, జీతం ఏప్రిల్ దాకా ఆగుతుంది, మధ్యలో తొమ్మిది నెలలు ఇల్లు నడవాలి. అయినా ఒకటి చెప్పుకోవాలి: డి టెల్లా, మెకల్లక్, ఆస్వాల్డ్ 2001లో ఐరోపా, అమెరికా జనం తమ సంతోషం గురించి చెప్పుకున్న జవాబులు లెక్కవేసి, నిరుద్యోగం ఒక శాతం పెరగడం ద్రవ్యోల్బణం 1.7 శాతం పెరిగినంత బాధ అని తేల్చారు. ధర పెరిగితే పచ్చడి పోతుంది. ఉద్యోగం పోతే వంటిల్లే పోతుంది.

ఇంతకీ ధర పెరుగుతుందని తెలిస్తే మనిషి ముందే కొనేస్తాడా? కొంటాడనే పాఠ్యపుస్తకం అంటుంది. రేపు 120 అయితే ఇవాళ 100కే తెచ్చుకోవడం తెలివి. మిచిగన్ విశ్వవిద్యాలయంలో 1940ల నుంచీ జనం నాడి పట్టి చూసిన జార్జ్ కటోనా దీనికి ఎదురు చెప్పాడు. ధరలు పెరుగుతున్నాయనగానే మామూలు కుటుంబం బెదిరి చెయ్యి ముడుచుకుంటుంది, కొత్త సోఫా వాయిదా వేస్తుంది, నాలుగు రాళ్లు పక్కన పెడుతుంది. చూసిన ఇళ్లను బట్టి చెప్పాలంటే కటోనాదే నిజం, బంగారం ఒక్కటి మినహా.

రైతు సంగతి ఎత్తకుండా టమాటా కథ చెప్పడం అన్యాయం. ఆ జులై ధర చూసి పొలం నిండా నాటినవాళ్ల పంట సెప్టెంబరులో ఒక్కసారిగా వచ్చిపడింది. పత్తికొండ వైపు కిలో పది రూపాయలు కూడా రాక రోడ్డు పక్కన పారబోసుకున్నారు. నిన్నటి ధర చూసి ఇవాళ నాటితే రేపు ధర కూలుతుంది. అర్థశాస్త్రంలో దీన్ని సాలెగూడు సిద్ధాంతం అంటారు. గూట్లో ఎవరు చిక్కుకుంటారో చెప్పక్కర్లేదు.

ఆ సెప్టెంబరు చివరి వారం అమ్మ పుస్తకంలో ‘టమాటా - 40, నాలుగు కిలోలు’ అని ఉంది. నిల్వ పచ్చడి పెట్టింది. జులైలో పోయిన సరదా సెప్టెంబరులో తిరిగొచ్చింది. కర్రీ పాయింట్ కప్పు మాత్రం తిరిగి రాలేదు. మరుసటి ఏడాది దసరా ముందు ఓ సాయంత్రం పప్పు కట్టించుకుంటూ ఉండబట్టలేక అడిగేశాను.

“అన్నా, టమాటా దిగి ఏడాది దాటింది కదా. పాత కప్పు ఎప్పుడు తెస్తావు?”

నూనె మీద దిగుమతి సుంకం పెంచి అప్పటికి నెల కాలేదు. అతను మూకుడులోంచి తలెత్తకుండానే అన్నాడు.

“టమాటా దిగింది సార్, నూనె ఎక్కింది చూడండి.”